గోడ అవతలి దువా

మొన్న శుక్రవారం తెల్లవారి మా పక్కింటి మేస్త్రిగారు పోయారు. ఆ కబురు మోసుకొచ్చి నాకెవరూ చెప్పలేదు. రోజూ ఆ వేళకు గోడ అవతలినుంచి వినపడే గొంతు వినపడలేదు. కొంతసేపు చూశాను. తరువాత ఆయన కొడుకు మా గుమ్మంలోకి వచ్చి, తల దించుకుని నిలబడ్డాడు.

మేస్త్రిగారు తివాచీలు నేసేవారు. ఏలూరులో తాతల నాటినుంచి ఆ పని చేస్తున్న ముసల్మాను కుటుంబాల్లో ఆయనది ఒకటి. ఎనిమిదేళ్లపాటు మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అందులో ఐదేళ్లు నేను ఆయనను అనుమానించాను. ఈ సంగతి ముందు చెప్పకుండా ఆయన మంచి గురించి రాస్తే, చదివేవారు నా మాట నమ్మనక్కరలేదు.

నేను గోగునార కొట్లో గుమాస్తాను. బడిలో రెండో తరగతి దాటలేదు. ఆ పైన చదువుకున్నదంతా నాకు నేను కూడబలుక్కున్నదే. నార ఎండిందని చెప్పి, నడుమ తడి కట్టలు దాచి బండ్లకెత్తి తెచ్చేవారుంటారు. కట్ట మధ్యకు చెయ్యి పోనిచ్చి చూడందే నేను పుస్తకంలో రాయను. ఉద్యోగంలో అలవడిన ఈ గుణం ఇంటికి కూడా వచ్చింది. మనుషుల్లో కూడా తడి ఎక్కడుందా అని వెతికేవాణ్ణి.

ఆ ఇంట్లో దిగిన ఏడాది రంజాను పండుగకు ఆయన గిన్నెడు సేమ్యా పాయసం పంపించారు. ఊరూ పేరూ తెలియనివారికి ఎందుకు పంపాలి? నేను ముట్టలేదు. కాస్త తీసి పిల్లికి పెట్టి చూద్దామన్నాను. సాయంత్రం కొట్టునుంచి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"పిల్లి నిక్షేపంలా ఉందండీ. మిగిలింది నేను తినేశాను," అంది మా ఆవిడ.

"వాళ్లింటి వంట తిన్నావా?"

"పాలల్లో వండినదానికి దోషం లేదటండీ. అయినా మీకు ఉంచలేదు లెండి."

ఆ మర్నాటినుంచి పిల్లి ఆయన గుమ్మంలోనే పడుకోవడం మొదలుపెట్టింది. దానిమీద కూడా నాకు అనుమానం కలిగింది.

ఆయన మగ్గం నిలువు మగ్గం. పై దూలంనుంచి కింది దూలానికి బిగించిన పోగులముందు పొద్దున కూచుని, ఒక్కొక్క ముడీ వేసి, ఉన్ని కొస కత్తితో తెంపి, వరస పూర్తి కాగానే ఇనప పంజాతో కిందికి దిగ్గొట్టేవారు. సాయంత్రానికి రెండు వేళ్ల ఎత్తు పెరిగితే ఆ రోజు గొప్ప రోజు. ఎడమ మోకాలు వంగేది కాదు. అందుకని మసీదుకు సాయంత్రాలు మాత్రం వెళ్లి, తెల్లవారి నమాజు ఇంట్లోనే చేసుకునేవారు. ఎవరు ఏది ఇచ్చినా రెండు చేతులా అందుకునేవారు. అగ్గిపుల్ల ఇచ్చినా అంతే. నీళ్లు తాగిన తరువాత ఖాళీ చెంబులోకి ఒకసారి తొంగిచూసి కింద పెట్టేవారు. ఏం చూస్తున్నారని ఒకసారి అడిగాను.

"ఎంత తాగానో చూస్తున్నానండీ. దాహంలో ఉన్నప్పుడు తెలియదు," అన్నారు.

ఆ జవాబు వెనక ఏదో ఉందనుకుని ఆ పూటంతా ఆలోచించాను. ఏమీ లేదు. ఆయన చెప్పింది అంతే.

ఆయనకు ఒక్కడే కొడుకు. చెట్ల బెరళ్లూ వేళ్లూ ఉడకబెట్టి తండ్రి రంగులు తీస్తుంటే, కొడుకు సీమ రంగుల పొడి డబ్బాలు తెచ్చాడు. ఇద్దరికీ మాట మాట పెరిగింది. కొడుకు మూడు వీధుల అవతల వేరే మగ్గం పెట్టుకున్నాడు. ఆ తరువాత తండ్రి గడప తొక్కలేదు.

మేము అక్కడికి వచ్చిన నాలుగో ఏట మా వాడికి జ్వరం తగిలింది. అప్పుడు వాడికి ఆరేళ్లు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మిగిలినవాడు వాడొక్కడే. తొమ్మిది రోజులైనా జ్వరం దిగలేదు. పదోనాడు నేను కొట్టునుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. దీపం పెట్టేవేళకు మా ఆవిడ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది.

"ఎక్కడికి వెళ్లావు?"

"మసీదుకండీ. ఊదించుకొచ్చాను."

ఏలూరువారికి ఇది చెప్పనక్కరలేదు. పొద్దు గుంకేవేళ మసీదు మెట్లదగ్గర తల్లులు పిల్లలనెత్తుకుని నిలబడతారు. నమాజు ముగించి వచ్చేవారు ఒక్కొక్కరే ఆగి, పెదవుల్లో ఏదో చదివి, పిల్లవాడి ముఖంమీద ఊది వెళతారు. ఊదేవారు ముసల్మానులు. ఊదించుకునేవారిలో సగంమంది మావాళ్లే.

"నాతో ఒక్కమాట చెప్పకుండానా?" అన్నాను.

"చెపితే మీరు ముందు పిల్లిని తీసికెళ్లి ఊదించేవారు," అంది.

అందరికంటే ఆఖరున మేస్త్రిగారు కుంటుకుంటూ వచ్చి, మా వాడి పేరు అడిగి తెలుసుకుని మరీ ఊదారట. మూడోనాటికి జ్వరం దిగింది. క్వినైను వల్ల అని నేను, కాదని మా ఆవిడ. ఆ తగువు ఇంకా తీరలేదు.

అప్పటినుంచి మా వాడు బడినుంచి రాగానే మేస్త్రిగారి మగ్గం దగ్గర చేరేవాడు. చిన్నవేళ్లు ముడులకు బాగా పనికొస్తాయని విన్నాను. పనికి అలవాటు చేస్తున్నారేమోనని వాడి వేళ్లు పట్టుకుని చూశాను. "ముడులు వేయిస్తున్నారా?" అంటే, "లేదు నాన్నా. మగ్గం ముట్టుకుంటే చేతిమీద కొడతారు. కింద రాలిన ఉన్ని ముక్కలు మాత్రం ఏరుకోమంటారు," అన్నాడు. వేళ్లు మామూలుగానే ఉన్నాయి.

ఒకనాడు వాడికి కొత్త చెప్పులు కొని తెచ్చాను. వాడు వాటిని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. తరువాత తలెత్తి నా ముఖంకేసి చూశాడు.

"చెప్పులు కళ్లకద్దుకుంటార్రా ఎవరైనా?"

"నువ్వు తెచ్చావు కదా నాన్నా. ఏదిచ్చినా వస్తువుకంటే ముందు ఇచ్చినవాళ్ల ముఖం చూడమన్నారు మేస్త్రితాత. నేను మర్చిపోయి చెప్పులు ముందు చూశాను."

నన్ను అప్పటిదాకా ఎవరూ అలా చూడలేదు. మరొక తండ్రి అయితే సంతోషించేవాడేమో. నా కొడుక్కి నన్నెలా చూడాలో నేర్పడానికి ఆయనెవరు? ఇవాళ చూపు నేర్పినవాడు రేపు ఇంకేం నేర్పుతాడు? ఉన్న ఒక్కణ్ణీ నా చేతుల్లోంచి పోగు పోగుగా లాగి, తన మతంలోకో తన ఇంట్లోకో కలుపుకుంటున్నాడని ఆ రోజు నిశ్చయించుకున్నాను.

మా మధ్య గోడ పైకప్పుదాకా లేదు. దూలంకింద బెత్తెడు సందు. తెల్లవారి నేను లేచేవేళకు ఆయన నమాజు అయి, దువా మొదలయ్యేది. దేవుణ్ణి తమకు కావలసింది అడుక్కోవడాన్ని వారు దువా అంటారు. అర్థంకాని ఆ మాటల చివర ఒకనాడు మా వాడి పేరు వినపడింది. మర్నాడూ వినపడింది.

పీట ఒకటి గోడవారకు లాక్కుని కూచున్నాను. చెవికి అందిన మాటను అందినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. రోజూ ఒకే మాటలు. ఒకరోజు తప్పిపోయింది మర్నాడు దొరికేది. ముందు ఆ మాటలు, తరువాత ఆయన కొడుకు పేరు, ఆ తరువాత మా వాడి పేరు. అది వినపడగానే నాకు ఒళ్లు మండేది. లేచిపోయేవాణ్ణి. పది రోజుల్లో పాఠమంతా నా కాగితంమీదికి వచ్చింది.

ఏలూరులో ఎవరికి చూపించినా మేస్త్రిగారికి చేరుతుందని నా భయం. తాడేపల్లిగూడెంలో కొట్టు పని పడినప్పుడు కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కాను. అక్కడి మసీదులో పిల్లలకు చదువు చెప్పే పెద్దాయనను కలిసి, ఇది ఏ మంత్రమో చెప్పమన్నాను. చదవమన్నారు. చదివాను. ఆయన రెండుసార్లు కళ్లు మూసుకున్నారు.

"చాలా గొప్ప మాటలండీ. మీరు చదువుతుంటే మాత్రం చెవులు మూసుకోవాలనిపిస్తోంది," అన్నారు.

"పిల్లలను లొంగదీసుకునేదాండీ?"

ఆయన నవ్వలేదు. ఒక్కొక్క మాటమీదా వేలు పెట్టించి అర్థం చెప్పారు. అది ఖురానులోని ప్రార్థన, పిల్లలు కృతజ్ఞత తెలిసినవాళ్లుగా పెరగాలని పెద్దవాళ్లు చదువుతారు, అన్నారు. నేను తెలుసుకున్నంతలో దాని భావం ఇది: నాకు నువ్వు చేసిన మేలునూ, నా తల్లిదండ్రులకు నువ్వు చేసిన మేలునూ తలుచుకునే బుద్ధి నాకియ్యి. నీకు నచ్చే పని నాచేత చేయించు. ఆపైన నా పిల్లలను మంచివాళ్లను చెయ్యి.

"పిల్లలకోసం అయితే పిల్లల మాట ఆఖరున ఉందేమండీ?" అన్నాను. వరస తప్పితే నా కంట పడక మానదు.

"ముందు తనకి అడుక్కోవాలి కదండీ. తన అమ్మా నాన్నల్ని తలుచుకోనివాడు, తన పిల్లలు తనను తలుచుకోవాలని ఏ ముఖంతో అడుగుతాడు?" అని ఆయన నాకేసి చూశారు. "మీ నాన్నగారు ఉన్నారాండీ?"

"ఉన్నారు. మండవల్లి అవతల."

"చూసి వస్తూంటారా?"

రైలు వేళయిందని చెప్పి లేచాను. రైలుకు ఇంకా గంట ఉంది.

దారిలో గుండుగొలను దాటేసరికి నాకు మళ్లీ అనుమానం పుట్టింది. ఆయనా వాళ్లలోవాడే, అసలు సంగతి దాచి ఉంటాడు. ఏలూరులో దిగి, స్టేషనులో టిక్కెట్లు ఇచ్చే ముసల్మాను గుమాస్తాకు, ఎక్కడిదో చెప్పకుండా కాగితం చదివి వినిపించాను. ఆయనా అదే అర్థం చెప్పాడు. ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారా అని కూడా ఆలోచించాను. ఒకరిది గూడెం, ఒకరిది ఏలూరు. ఆ అనుమానం నిలబడలేదు.

నిలబడకపోయేసరికి కోపం వచ్చింది. మా వాణ్ణి అటు వెళ్లవద్దన్నాను. నాలుగోనాడు మేస్త్రిగారే మా అరుగుదాకా వచ్చారు.

"అబ్బాయికి ఒంట్లో బాగుందా గుమాస్తాగారూ? కనపడటంలేదు."

"బాగానే ఉన్నాడు. మా వాడి పేరు మీ దువాలో ఎందుకండీ?"

నాకెలా తెలిసిందని ఆయన అడగలేదు. మరొక రోజైతే అదొక్కటే నన్ను నెల రోజులు నిద్రపోనిచ్చేది కాదు. ఆ రోజు కోపంలో గమనించలేదు.

"ఊదిన బిడ్డ పేరు మరిచిపోతే తప్పండీ. ఒకసారి అడిగి వదిలేస్తే ఎలాగ," అన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయకపోతే ఈ రాసినదంతా దండగ. "మీ కన్నకొడుకు మూడు వీధుల అవతల ఉండి మీ ముఖం చూడడు. వాణ్ణి బాగుచెయ్యని దువా మా వాడికెందుకండీ?" అన్నాను.

ఆయన కూచోవాలని అరుగుమీద చెయ్యి ఆనించారు. మోకాలు వంగక నిలబడే ఉన్నారు. నేను పట్టుకోలేదు.

"మావాడు మారాలని అడగటంలేదండీ," అన్నారు. "నెలకోసారి వాడు ఈ వీధిన నడుస్తాడు. ఆగడు. అయినా ఆ నడక నాకు తెలుసు. కాళ్లూ చేతులూ బాగుండి నడుస్తున్నాడు. ఆ చప్పుడు విని, ఇంకా కావాలనకుండా సంతోషపడే బుద్ధి నాకిమ్మని దేవుణ్ణి అడుగుతున్నాను. కొన్నాళ్లు ఇస్తాడు. కొన్నాళ్లు ఇవ్వడు." వెళ్లబోతూ ఆగి, "మీ నాన్నగారు కులాసాయేనా?" అని అడిగారు.

నాకు తండ్రి ఉన్నాడని ఈయనకు ఎవరు చెప్పారు? మా ఆవిడే, సందేహం లేదు. ఆ కోపంతో లోపలికి వెళ్లాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తలేదు.

"మీరు చెప్పరు, నేను చెప్పకూడదు. ఆరేళ్లయిందండీ మామగారిని చూసి," అంది.

మా నాన్న కొల్లేట్లో చేపలు పట్టేవాడు. నేను రాత్రింబవళ్లు అక్షరాలు దిద్దుకుంటుంటే, నీటిమీద వలే నిలవదు, రాత నిలుస్తుందా అని పదిమందిలో నవ్వాడు. ఆ మాట పట్టుకుని నేను ఊరు విడిచాను. నాన్న మా అన్న దగ్గరే ఉన్నాడని తెలుసు. వెళ్లలేదు. నాకు ఆయన ఏమీ ఇవ్వలేదన్నది నా నమ్మకం.

మా వాడు మళ్లీ మగ్గం దగ్గరికి వెళుతుంటే నేను చూడనట్టు ఊరుకున్నాను. కొల్లేట్లో నీళ్లు తగ్గిన నెలలో వాణ్ణి వెంటబెట్టుకుని పడవెక్కాను. మేస్త్రిగారు చెప్పారని వెళ్లలేదు. అక్కడ ఏముందో చెయ్యి పోనిచ్చి చూద్దామని వెళ్లాను.

మా నాన్న ఒడ్డున కూచుని వెదురుబద్దలతో చేపల మావు అల్లుతున్నాడు. చేపను లోపలికి రానిచ్చి తిరిగి పోనివ్వని బుట్ట అది. చూసి, అల్లిక ఆపకుండానే మాట్లాడాడు.

"రాత ఎలా ఉంది?"

"నిలిచింది."

"వీడేనా?"

"వీడే."

"నీకన్నా నయం. కళ్లలోకి చూస్తున్నాడు."

సాయంత్రం పడవ దగ్గరికి వచ్చి, తామరాకులో చుట్టిన కొర్రమేను నా చేతికిచ్చాడు. అనుకోకుండా రెండు చేతులూ చాచాను. చేపకంటే ముందు ఆయన ముఖం చూశాను. మా నాన్న నా చేతులకేసి చూసి, "చేప అంత బరువుందేమిట్రా?" అన్నాడు. ఆ తరువాత ఆయన రెండేళ్లు బతికాడు. నేను ఏడుసార్లు వెళ్లాను.

ఆ కొర్రమేనులో సగం మేస్త్రిగారింటికి పంపాను. ఆయన ఎవరికీ పెట్టి చూడకుండానే తిన్నారు.

తరువాత మూడేళ్లు మేము మంచిగానే ఉన్నాము. ఎక్కువ మాట్లాడుకోలేదు. నాకు చేతకాదు, ఆయనకు అక్కరలేదు. ఒకసారి మాత్రం, "అనుమానం ఉన్నిలాంటిదండీ. తడిస్తే మోయలేం. ఎండబెట్టుకుంటే దానితో కూడా ఏదో ఒకటి నెయ్యచ్చు," అన్నారు. నన్నే అన్నారు, నవ్వుతూ. పీట మాత్రం గోడవారనుంచి తీయలేదు. తెల్లవారగానే అక్కడ కూచోవడం, మా వాడి పేరు రాగానే లేవడం అలవాటైపోయింది.

పోయిన నెల ఆయన మంచానపడ్డారు. ఎవరు చెప్పారో కొడుకు వచ్చాడు. రంగుల మాట ఎవరూ ఎత్తలేదు. ఆఖరి పన్నెండు రోజులూ తండ్రిని లేపి కూచోబెట్టి, నీళ్లు పట్టించాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు తరువాత సాగనంపారు. నేనూ కొంతదూరం భుజం పట్టాను. ఎండిన నార కట్టపాటి బరువు లేరు. ఎక్కడ చెయ్యి పోనిచ్చినా తడి దొరకని కట్ట అది.

శనివారం సాయంత్రం కొడుకు అరుగుమీద కూచుని ఉంటే వెళ్లి పక్కన కూచున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, "మీ నాన్నగారు రోజూ దువాలో మీ పేరు తలిచేవారండీ. నేను విన్నాను," అన్నాను.

"తెలుసండీ. ఈ పన్నెండు రోజులూ పక్కనే కూచుని విన్నాను. నా పేరు, మీ అబ్బాయి పేరు. ఆ తరువాత మీ పేరు."

"నా పేరా? నేనెన్నడూ వినలేదే."

"మీరు లేచేదాకా ఆగేవారండీ." అతను మొదటిసారి కొంచెం నవ్వాడు. "గోడ అవతల మీ పీట కిర్రుమనేది. గుమాస్తాగారు లేచారు, ఇక గుమాస్తాగారి వంతు అనేవారు. మీ పేరూ, మీ నాన్నగారి మాటా చెప్పుకుని, అటు తిరిగి గోడమీద ఊదేవారు. ఎన్నేళ్లనుంచని అడిగితే, మీరు పీట వేసుకున్ననాటినుంచీ అన్నారు."

ఇంటికి వచ్చి పడుకున్నాను. ఇవాళ ఆదివారం. పొద్దున్నే మళ్లీ అనుమానం లేచింది. తండ్రి పోయిన దుఃఖంలో, నన్ను సంతోషపెట్టడానికి అతను కల్పించి చెప్పాడేమో. పీట చప్పుడు అంత మందం గోడ దాటి వినపడుతుందా? మా వాణ్ణి పిలిచి, నేను గోడమీద తట్టగానే పీటమీదనుంచి లేవమని చెప్పి కూచోబెట్టాను. వాడికిప్పుడు పదేళ్లు. ఎందుకని అడగలేదు.

నేను అవతలికి వెళ్లాను. కొడుకు లోపలికి రమ్మన్నాడు. మేస్త్రిగారి నమాజు చాప ఇంకా పరిచే ఉంది. కుడి మోకాలు ఆనేచోట అరిగి ఈనెలు తేలాయి. ఎడమవైపు కొత్త చాపలాగే ఉంది. ఆయన కూచునేచోట నేను కూచున్నాను. అటు తిరిగితే ఎదుట సున్నం గోడ. దానిమీద ఏ గుర్తూ లేదు. తట్టాను.

కిర్రుమంది. గోడ అడ్డం లేనట్టు వినపడింది.

"నాన్నా, వినపడిందా?" అన్నాడు మా వాడు దూలంకింది సందులోంచి. "మళ్లీ లేవమంటావా?"

"వద్దు. అక్కడే కూచో," అన్నాను.

వాడు కూచున్నట్టు పీట మళ్లీ చప్పుడైంది. నాకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. నేను చదివితే ఎవరో ఒకరు చెవులు మూసుకుంటారని ఊరికే కూచున్నాను. కొంతసేపటికి వాడి పేరు మాత్రం మెల్లగా అని, గోడమీద ఊదాను.